పదకొండు అంగుళాలు

ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో భోజనాల బల్ల యుద్ధభూమి అయిపోవాల్సిందే. కూతురు ఆకుపచ్చ సూటుగుడ్డ పరిచి, పెట్టెల్లోంచి బొమ్మ సైనికులను తీసి వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కడు బొటనవేలంత ఉంటాడు. ఐదు వందల ఏళ్ల కిందటి సైన్యాలవి: పొడుగాటి బల్లేలవాళ్లు, తుపాకులవాళ్లు, ఇనుప తొడుగుల రౌతులు. ప్రతివాడి టోపీ మీది ఈకకూ రంగు వేసింది ఆమె తండ్రే. పేటంతా ఆయన్ని టైలర్ మాస్టారంటుంది. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక కత్తెరా, కుంచే మూలపడ్డాయి. ఇక మిగిలింది ఈ ఆట ఒక్కటే.

ఎదురుగా కూర్చునేది వాచీల బాబాయ్. సందు చివర గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఈ బల్ల మీద కొట్టుకుంటూనే ఉన్నారు.

"ఏరా, ఈ వారమైనా పరువు దక్కించుకుంటావా? నాలుగు ఆదివారాలుగా చిత్తు చేస్తున్నా నిన్ను," అన్నాడు మాస్టారు.

"చూద్దాంలే," అన్నాడు బాబాయ్ తలెత్తకుండా.

మామూలుగా మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి! ఆ మెత్తదనాన్ని తండ్రి ఎక్కడ పసిగడతాడోనని కూతురు గబగబా పాచికలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

పదింటికల్లా ఆట పాకాన పడింది. మాస్టారి రౌతులు బాబాయ్ తుపాకులవాళ్లకు ఎదురుగా వచ్చి నిలిచారు. ఈ ఆటలో తుపాకీ దెబ్బ పన్నెండు అంగుళాల దాకానే అందుతుంది; దూరం టేపుతో కొలవాలి. బాబాయ్ టేపు పరిచి చూశాడు.

"పదమూడు. అందదు. బతికిపోయారు నీవాళ్లు."

మాస్టారు ఒక కన్ను మూసి బల్లకేసి చూశాడు.

"టేపు మళ్లీ పెట్టు."

"పెట్టాను కదరా!"

"చివర వదిలేసి రెండో అంగుళం దగ్గర పట్టుకున్నావు. అది పదకొండు. నలభై ఏళ్లు మనుషుల్ని చూపుతోనే కొలిచినవాణ్ణి. పడిపోయింది చెయ్యిరా, కన్ను కాదు. నాలుగు వారాలుగా ఇదే వరసా?"

బాబాయ్ చూపు కూతురి వైపు తిరగడం మాస్టారి కంటపడింది.

"నేనే చెప్పాను నాన్నా," అందామె. "ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి ఆట ఓడిపోయి రెండు రోజులు నువ్వు సరిగ్గా అన్నం తిన్లేదు. నాకు భయమేసింది. కాళ్లావేళ్లా పడి బాబాయ్‌ని ఒప్పించాను."

"ఓడింది నేను. కందకు లేని దురద కత్తిపీటకెందుకే? చంటిపిల్లాడికి ఉగ్గు పోసినట్టు గెలుపు పోస్తారా నాకు? ఆ రెండు రోజులూ ఏడుస్తూ కూర్చున్నాననుకున్నావా? ఎక్కడ తప్పు చేశానో ఆలోచిస్తూ కూర్చున్నాను!" మాస్టారు పాచికలు పక్కకు నెట్టేశాడు. "సర్దేయ్ అన్నీ. ఇక ఈ బల్ల మీద అన్నమే తిందాం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చొక్కా బొత్తాలు పెట్టేది తనే, ముద్ద కలిపేది తనే. ఓటమి కూడా ఆయన దగ్గర్నుంచి లాగేసుకుంటే ఆయనకంటూ ఇంకేం మిగులుతుంది?

"సర్దను నాన్నా. తప్పు నాది." టేపు తీసి చివర నుంచి సరిగ్గా పరిచింది. "పదకొండే. కాల్చు బాబాయ్."

"అమ్మయ్య! నెల రోజులుగా పరువు చంపుకుని కూర్చున్నాను," అంటూ బాబాయ్, ఎంతమంది కూలారో తేల్చే పాచికలు విసిరాడు.

ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ గొంతులు చించుకున్నారు. మాస్టారి రౌతులు ఒక్కడూ మిగలకుండా పోయారు. పడినవాళ్లను ఏరడానికి ఆమె చెయ్యి చాపితే, "ఉండు, నా మనుషులు," అన్నాడాయన. వణికే కుడిచేత్తోనే ఒక్కొక్కణ్ణీ ఎత్తి పెట్టెలో పెట్టాడు. రెండుసార్లు జారిపోయారు. ఎవరూ సాయం వెళ్లలేదు.

చివరివాణ్ణి పడుకోబెట్టి, మాస్టారు కాలరు సర్దుకున్నాడు.

"ఓడిపోయాను! చూశావా అమ్మడూ? నిజంగా ఓడించాడు మీ బాబాయ్. వాడికి చెమటలు పట్టించాకే ఓడాను!"

నాలుగు గెలుపుల్లో ఒక్కసారి కూడా ఆ గొంతు అలా మోగలేదు. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

"ఎక్కడ తప్పు చేశావు నాన్నా?"

"చెబుతా. ముందు వాణ్ణి ఇంటికి పంపించు," అన్నాడాయన ఛాతీ విరుచుకుని. "శత్రువు ముందు చెప్పకూడదు."