వెండెల్ వేసిన ఎనిమిది

మిల్లీకి వెండెల్ మీద మొదట కలిగింది ప్రేమ కాదు, ఒళ్ళుమంట. దానికి కారణం అతని చేతిరాత.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరి. ఈరీ సరస్సు గడ్డకట్టిపోయి, ఒడ్డునున్న ఉక్కు మిల్లుల పొగ కూడా చలికి కదల్లేక ఊరి మీదే కూర్చున్న రోజులు. హ్యామర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసు స్టేడియం మెట్ల అడుగున ఉండేది. కిటికీలోంచి చూస్తే మైదానం కనిపించేది కాదు, కార్లు నిలిపే చోటు కనిపించేది. ఆ కిటికీ పక్కన టైపు మిషను ముందు కూర్చునేది మిల్లీ. పూర్తి పేరు లుడ్మిలా హ్రిన్‌కో, వయసు ఇరవై మూడు. తండ్రి ఆండ్రూ మిల్లులో కొలిమి దగ్గర పనిచేసేవాడు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఇద్దరే.

కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళను చూసి రావడానికి స్కౌట్లు ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. సోమవారం వచ్చి కాగితాలు మిల్లీ బల్ల మీద పడేసేవారు. ఎత్తు ఎంత, బరువు ఎంత, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, మనిషి ఎలాంటివాడు, చివర్లో ఒకటి నుంచి తొమ్మిది లోపు ఒక అంకె. ఒక్కో కుర్రాడికి ఒక్కో కార్డు చొప్పున మిల్లీ టైపు కొట్టేది. మే నెల డ్రాఫ్టులో ఇరవై ఎనిమిది జట్లూ వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. ఆ రోజు ఎవరి పేరు పిలవాలో ఈ కార్డులు చూసే తేలుస్తారు. పన్నెండు విడతల్లో ఎవరూ పిలవని కుర్రాడు మాత్రం ఎవరు రమ్మంటే వాళ్ళ దగ్గరికి పోవచ్చు.

వెండెల్ ప్రూయిట్ వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి వచ్చినవాడు. రెండేళ్ళు కెనడాలో ఒక జట్టుకు స్కౌటుగా చేసి, ఆ చలికాలమే హ్యామర్స్‌లో చేరాడు. పొడుగాటి మనిషి, కోటు చేతులు మణికట్టు దాకా అందేవి కావు. అతను రాసిన మొదటి కాగితం పట్టుకుని మిల్లీ నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది.

"ఇది ఆరా, సున్నానా?"

"ఆరేనండీ. సున్నాకి తోక ఉండదు కదా."

"మీ సున్నాలన్నిటికీ ఉంది. సరే, ఇది చూడండి. 'వాళ్ళమ్మ రొట్టెల దుకాణానికి పిండి మూటలు తనే మోస్తాడు' అని రాశారు. మనకు కావలసింది ఆటగాడా, వంటవాడా?"

"ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టేవాడు కావాలి. చిన్నప్పటి నుంచి మూటలెత్తినవాడికి నడుం ఎక్కడ వంచాలో ఒకరు చెప్పక్కర్లేదు."

కార్డు మీద అంత చోటు లేదని గొణుగుతూ వచ్చేసింది గానీ, కార్డు తిప్పి వెనకవైపు ఆ మాట కొట్టింది. ఆ కుర్రాడి పేరు లూథర్ టిబ్స్. ఒహాయో నది పక్కన, బస్సు కూడా మనసుంటేనే ఆగే చిన్న కాలేజీ.

ఆ తర్వాత ప్రతి సోమవారం అతని కాగితాల మీద ఏదో ఒకటి ఉండేది. ఒకసారి దారిలో కొన్న ఆపిల్ జామ్ సీసా, ఒకసారి బఠానీలంత చిన్న అక్షరాలతో నింపిన పోస్టుకార్డు. "చేతిరాత బాగుచేసుకుంటున్నాను, దిద్దండి," అని దాని మీద రాసి ఉంది. మిల్లీ ఎర్ర సిరాతో నిజంగానే దిద్ది ఇచ్చింది. ఆ దిద్దిన కార్డు అతను పర్సులో దాచుకున్నాడని ఆఫీసులో అందరికీ తెలిసింది, ఒక్క మిల్లీకి తప్ప.

ఒక్కటి మాత్రం ఆమెకు అంతుపట్టేది కాదు. అతను మాటల్లో ఆకాశానికెత్తిన కుర్రాడికి వేసే అంకె పాతాళంలో ఉండేది. పెదవి విరిచినవాడికేమో మంచి అంకె. స్కౌట్ల లెక్కలు వాళ్ళకుంటాయిలే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుంది.

మార్చిలో, ఈస్టరు ముందు వచ్చే ఒక ఉపవాసపు శుక్రవారం, చర్చి నేలమాళిగలో వేయించిన చేపలూ బంగాళాదుంప కూరిన పిరోహీలూ పెడుతుంటే వెండెల్‌ను రమ్మని పిలిచింది మిల్లీ. ఆ ఊళ్ళో జట్టు మనిషి దొరికితే జనం వదలరు. ఆండ్రూ చేపముక్క పక్కన పెట్టి మరీ పట్టుకున్నాడు.

"నిరుడు మొదటి విడతలో తెచ్చారే, వాడు బంతి పట్టుకుని పరిగెత్తుతుంటే మా అత్తగారు చర్చికి నడిచినట్టుండేది బాబూ. ఈసారైనా కాళ్ళున్నవాణ్ణి తెస్తున్నారా?"

"ఒకడున్నాడండీ. నా జన్మలో ఎవరికీ ఎనిమిది వెయ్యలేదు. లూథర్ టిబ్స్‌కి వేశాను. తొమ్మిది వేద్దామనుకున్నాను గానీ, తొమ్మిది దేవుడికి ఉంచాలంటారు కదా."

మిల్లీ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఆ జట్టులో ఒకటి అంటే మొదటి రోజు నుంచే మైదానంలో దిగగలవాడు. ఎనిమిది అంటే ఆ ఇంటికి ఫోను కూడా దండగ.

భోజనాలయ్యాక అతన్ని బయటికి తీసుకొచ్చింది. సన్నగా వాన పడుతోంది. ఇద్దరికీ గొడుగు లేదు.

"కెనడాలో పెద్ద అంకె మంచిదా?"

"ఎక్కడైనా అంతే కదా."

"ఇక్కడ కాదు," అంది మిల్లీ.

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. ఇరవై ముగ్గురు కుర్రాళ్ళను తలకిందులుగా తూచాడు. స్కౌట్ల పెద్ద హార్లన్ బ్రెక్ గారు నిరుడు ఒక్క బరువు తప్పు రాసినందుకు ఒక స్కౌటును ఇంటికి పంపిన మనిషి. మొదటి ఏడాదే ఇలా పోతే, ఇంకెవరూ తనను గడప తొక్కనివ్వరని వెండెల్ అన్నాడు.

"మీ కార్డులున్న చిన్న కాలేజీల పెట్టె ఆయనింకా తెరవలేదు. ఏప్రిల్‌లో చూస్తారు. ఈలోగా కొత్త కార్డులు కొట్టేద్దాం," అంది మిల్లీ. ఎందుకంత చొరవ చేసిందో ఆమెకే తెలియలేదు. తెలిసినా ఒప్పుకునేది కాదు.

అలా మూడు వారాలు, అందరూ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన గంటలో, అతను చదివితే ఆమె కొట్టింది. ఒక చేత్తో శాండ్‌విచ్, ఒక చేత్తో కార్డు. మీరు అనే పిలుపు ఏ కార్డు దగ్గర నువ్వుగా మారిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. ఏప్రిల్‌లో కూడా కిటికీ అవతల మంచు రాలుతుండేది. అతను చదవడం ఆపి ఆమె జుట్టు చెవి వెనక్కి తోసుకోవడం చూస్తూ కూర్చునేవాడు.

"బరువెంత?" అని ఆమె అడిగేది.

"ఎవరిది?" అనేవాడు.

ఇరవై రెండు కార్డులు మారాయి. ఇరవై మూడోది లూథర్ కార్డు. పెట్టె అడుగుదాకా వెతికినా అది లేదు. ఎనిమిదీ తొమ్మిదీ వచ్చిన కార్డులను, అవి పెట్టెలోకి వెళ్ళకముందే, బ్రెక్ గారు వారం వారం ఏరి, సొంత సొరుగులో పెట్టి తాళం వేసుకుంటారని మిల్లీకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ తాళంచెవి ఆయన నడుముకు వేలాడుతుంది.

"ఇక ఆయనకు చెప్పాల్సిందే వెండెల్."

"చెబితే మిగతావన్నీ బయటపడతాయి. అంత మంచి ఆటగాడు, ఏదో ఒక జట్టు పిలవకపోదు."

"ఆ కాలేజీకి నువ్వు తప్ప ఏ స్కౌటు వెళ్ళాడు?"

అతను పెట్టె మూత వేశాడు.

"నీ ఉద్యోగం కోసం ఆ పిల్లాడి బతుకు సొరుగులో పెట్టేస్తావా?"

"ఉద్యోగం ఒక్కటే అనుకుంటున్నావా? ఇది పోతే నేను ఈ ఊళ్ళో ఉండను కదా," అన్నాడు. ఆ మాటలో ఏముందో మిల్లీకి వినపడింది. కానీ అప్పుడు అది వినే స్థితిలో లేదు. టైపు మిషను మీద ముసుగు కప్పి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు ఇద్దరి మధ్యా కాగితాలు తప్ప మాటల్లేవు. పెట్టెలు సర్దుతున్నా, ఇంట్లో వంట చేస్తున్నా ఆమెకు లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. కొత్త కార్డులు కొట్టింది తన వేళ్ళే. తను మాత్రం ఎవరికి చెప్పింది?

మే రెండు, మూడు తేదీల్లో డ్రాఫ్టు. న్యూయార్కు నుంచి ఫోనులో ఒక్కో పేరూ చెబుతుంటే మిల్లీ రాసుకుంది. మొదటి రోజు లూథర్ పేరు రాలేదు. రెండో రోజు వెండెల్ కుర్చీ ఖాళీగా ఉంది. బ్రెక్ గారు రెండుసార్లు అటు చూసి పళ్ళు కొరికారు. సాయంత్రానికి పన్నెండు విడతలూ పూర్తయ్యాయి. మూడు వందల పైచిలుకు పేర్లలో లూథర్ టిబ్స్ లేడు.

ఇక అసలు పరుగు అప్పుడే. ఎవరూ ఎంచుకోని కుర్రాళ్ళకు వేరే జట్టు కన్నా ముందు ఫోను చేసి ఒప్పించుకోవాలి. గదిలో ఆరు ఫోన్లూ ఒక్కసారే మోగుతున్నాయి. మిల్లీ తన ముందున్నది ఎత్తింది.

"నేను," అన్నాడు వెండెల్. "లూథర్ వాళ్ళ వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. తెల్లవారకముందే బయల్దేరి వచ్చి పొద్దుటి నుంచి ఇక్కడే కూర్చున్నాను. బ్రెక్ గారిని పిలు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

బ్రెక్ గారు ఫోను చెవికి ఆనించుకున్నారు. వెండెల్ గొంతు ఇవతల దాకా వినిపించింది. అంకెలు తలకిందులుగా వేసిన సంగతి, కార్డులు మార్చిన సంగతి, సొరుగులో ఉండిపోయిన కార్డు సంగతి, అన్నీ చెప్పాడు. తప్పంతా తనదేననీ ఇందులో ఇంకెవరి చెయ్యీ లేదనీ అన్నాడు.

"నా చెయ్యి ఉందండీ," అంది మిల్లీ లేచి నిలబడి. "కార్డులు మార్చింది నేను. మార్చమన్నదీ నేనే."

బ్రెక్ గారు నడుముకున్న తాళంచెవి తీసి, సొరుగు తెరిచి, కార్డు ముందువైపు చదివారు. తిప్పి వెనకవైపు ఇంకా నెమ్మదిగా చదివారు.

"ఒప్పందం మీద సంతకం పెట్టించు," అన్నారు ఫోనులో. "ఆగస్టు చివర్లో జట్టుకు నలభై ఐదుగురు మిగులుతారు. వాళ్ళలో వాడుంటే నువ్వూ ఉంటావు. లేకపోతే ఇద్దరూ ఒకే రోజు బయల్దేరండి." ఫోను పెట్టేసి మిల్లీ వైపు తిరిగారు. "నువ్వు నా ముందు నిలబడి చెప్పావు కాబట్టి కూర్చో. ఇకపైన అంకెకూ మాటకూ పొంతన కుదరకపోతే ముందు నా దగ్గరికి రా."

ఆ వంటింట్లో జరిగింది మర్నాడు వెండెల్ చెబితే తెలిసింది. అక్కడ అతని పక్కనే పడమటి తీరపు జట్టు స్కౌటు ఒకడు కూర్చున్నాడట. అతని జట్టు పెద్దది, మాట తీపిది. లూథర్ వాళ్ళమ్మ ఇద్దరికీ సమానంగా పీచ్ పండ్లు కూరిన తీపిరొట్టె కోసి పెట్టి, మా వాడికి మీరెన్ని మార్కులు వేశారో చెప్పండి అని అడిగింది. ఆ స్కౌటు ఏదో గొప్ప అంకె చెప్పాడు. వెండెల్ జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "తప్పు ఒప్పుకోవడానికి ఇంత దూరం వచ్చినవాడు రేపు నా బిడ్డకు అబద్ధం చెప్పడు. సంతకం పెట్టు నాయనా," అందట.

ఆ వేసవంతా ఊరు ఒక పక్క, మిల్లీ ఒక పక్క. సాధన చూడ్డానికి వచ్చిన జనం మొదటి విడత కుర్రాణ్ణి చూసేవారు. ఆమె మాత్రం లూథర్ చొక్కా మీది అరవై తొమ్మిదో నంబరును చూసేది. లూథర్ బాగా ఆడాడు. అయితే అతని చోటులో అప్పటికే ముగ్గురు పాతవాళ్ళున్నారు. వాళ్ళను కదిలించడానికి కోచ్ ఒప్పుకోలేదు.

ఆగస్టు ఆఖరి సోమవారం, తీసేసినవాళ్ళ జాబితా టైపు కొట్టాల్సింది మిల్లీయే. నాలుగో పేరు లూథర్‌ది. ఆ తర్వాత బ్రెక్ గారు వెండెల్ పేర ఒక ఉత్తరం చెప్పి కొట్టించారు. చెబుతున్నంతసేపూ ఆయన కిటికీ వైపే చూశారు. మిల్లీ ఒక్క అక్షరం తప్పకుండా కొట్టి, ఆ ఉత్తరాన్ని తనే తీసుకెళ్ళింది.

వెండెల్ కార్లు నిలిపే చోట లూథర్‌ను బస్సు ఎక్కించడానికి తన కారులో సామాను సర్దుతున్నాడు. ఉత్తరం చదివి మడిచాడు. లూథర్ మర్యాద తెలిసినవాడు, బూటు తాడు కట్టుకునే మిషతో అటు తిరిగాడు. సాయంత్రానికే వేరే జట్టు అతన్ని రమ్మంటుందనీ, అక్కడ తొమ్మిదేళ్ళు ఆడతాడనీ అప్పటికి ఎవరికీ తెలియదు.

"నిన్నొకటి అడుగుదామనుకున్నాను," అన్నాడు వెండెల్. "ఇప్పుడు అడిగే అర్హత లేదు."

"ఉద్యోగం ఉన్నప్పుడు అడిగావా ఏమిటి? మే నెల నుంచి చూస్తున్నాను."

అతను నేల చూశాడు. "ఈ ఊళ్ళో నాకింకేం పనుంటుంది మిల్లీ?"

"మిల్లు పక్కన చర్చి హైస్కూల్లో పిల్లలకు ఆట నేర్పే మనిషి కావాలట. నాన్న జూలైలోనే ఫాదర్‌తో మాట్లాడి ఉంచాడు."

"జూలైలోనా? నన్ను తీసేస్తారని మీ నాన్నకెలా తెలుసు?"

"తెలియదు. నువ్వు ఉంటే ఆ మాట చెప్పొద్దన్నాడు. వెళ్ళిపోతానంటే మాత్రం తప్పకుండా చెప్పమన్నాడు."

వెండెల్ అప్పుడు అడగాల్సింది అడిగాడు. నడి మధ్యాహ్నం, చేతిలో తీసివేత ఉత్తరంతో, పక్కన ఆరడుగుల నాలుగంగుళాల మనిషి బూటు తాడు మూడోసారి కట్టుకుంటుండగా.

మిల్లీ సరేనంది. అని, కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. బస్సుకు ఇంకా గంట టైముంది, లూథర్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.