మందొచ్చెనా?

అబిడ్స్‌లో మూతపడ్డ ఆ లాడ్జికి ఈమధ్య చెడ్డపేరు వచ్చింది. పొద్దుగూకితే ఆ సందులో ఎవరూ నడవరు. ఉరేసుకున్న వంటమనిషి పిలుస్తాడని ఒకరు... కాదు, ఆడగొంతని ఇంకొకరు. దెయ్యాలను కనిపెట్టడంలో మనవాళ్లకున్న తెలివి బతికున్న మనుషులను చూడటంలో ఉండదు.

ఆ ఆదివారం చీకటి పడ్డాక, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు మూటగడుతూ భాగ్య గొంతు తగ్గించింది.

"గా సందుకెళ్లి పోకు నర్మదక్కా. ఆర్నెల్ల సంది రోజూ పిలుస్తున్నదట. పలికితే ఇడువదట."

నర్మదకు అసలే ఒళ్లు మండుతోంది. రెండేళ్ల కిందట ఒక కంపెనీకి రిపోర్టు రాయడానికి, నల్లమల కొండల్లో గొర్రెలు మేపే కురుమల వెంట నాలుగు నెలలు తిరిగింది. మందకు పెద్ద బిచ్చయ్య. రాతి సందులో, ఎండాకాలం కూడా ఎండని నీటి చెలిమెను ఆమెకు చూపించి, "గిదొక్కటి రాయకు బిడ్డా" అన్నాడు. సరేనంది. రిపోర్టు నిండుగా ఉండాలని రాసింది... మ్యాపులో గుర్తు కూడా పెట్టింది.

మరుసటేడు చెలిమె చుట్టూ కంచె పడింది. లోపల ఆ కంపెనీ రిసార్టు. మంద ఏమైందో తెలియలేదు. ఈరోజు పొద్దున అదే కంపెనీ ఫోను, ఇంకో రిపోర్టు రాసిస్తారా అని. సిగ్గు లేదు వాళ్లకు. తనకు మాత్రం ఉందా?

కోపంలో ఉన్న మనిషికి దెయ్యం ఓ లెక్కా? నాంపల్లిలోని తన గదికి దగ్గరి దారి అదే. సందులోకి తిరిగింది.

వీధిలైటు లేదు. లాడ్జి గేటుకు గొలుసు. లోపల... గణ... గణ... చిన్న గంట. ఆ వెనకే, సాగదీస్తూ ఒక గొంతు —

"మందొచ్చెనా...?"

నర్మద కాళ్లు ఆగిపోయాయి. కొండ మీద రోజూ సందెవేళ ముందు నడిచే పెద్దమనిషి, మంద చేరిందా అని వేసే కేక అది. చివరి గొర్రెపిల్ల కూడా దొడ్డి చేరాకే వెనకున్నవాళ్లు బదులియ్యాలి. ఆ నాలుగు నెలలూ వెనక నడిచింది నర్మదే.

ఆలోచించేలోపే నోరు పలికింది.

"వచ్చె...!"

గంట ఆగింది. చీకట్లో చెప్పుల చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి... గేటు దాకా వచ్చి నిలిచింది.

టార్చి వెలిగింది.

వాచ్‌మన్ చొక్కా, భుజాన గొంగడి, చేతిలో గొర్రె మెడగంట. బిచ్చయ్య. దెయ్యమైనా బాగుండేది అనుకుంది నర్మద.

"తాతా... నేను..."

"ఎరికే." ముసలాయన టార్చి ఆమె మొహం మీదికి తిప్పాడు. "ఏడొచ్చినయ్? నీళ్లు లేక గుట్ట మీదనే పాణం ఇడిసినయ్. మా మందల బువ్వ తిన్నవ్. ఎనక నడిసినవ్. ఒక్కటి గూడ రాకముందే 'వచ్చె' అంటవా?"

"తప్పు నాదే, తాతా."

"నిన్నెవలడిగిన్రు?"

టార్చి ఆరిపోయింది. చెప్పుల చప్పుడు లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి గంట మళ్లీ మోగింది.

"మందొచ్చెనా...?"

నర్మద గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. ఒక్కటీ రాకపోతే ఏమనాలో కొండ మీద ఆమెకు ఎవరూ నేర్పలేదు.