టీచరమ్మ చుక్కల గుడ్డ

టైలరు దగ్గర గుడ్డ, పిల్లి దగ్గర పాలు ఒకటేనని లోకం అనుకుంటుంది. రెండు మీటర్లిస్తే మీటరున్నరలో కుట్టేసి, మిగిలినదాంతో సొంత దిండుకి గలీబు కుట్టుకుంటారని జోకులు కూడా ఉన్నాయి. ఆ వీధి మలుపులో, బేకరీ పక్కన షాపు పెట్టుకున్న టైలరు మాస్టారు మాత్రం ఆ బాపతు కాదు. కుట్టిన బట్టతోపాటు మిగిలిన ముక్కలన్నీ, వేలెడంతవైనా సరే, ఓ కవర్లో వేసి చేతికిచ్చేవాడు.

"వాళ్ళేం చేసుకుంటారండీ వాటితో, బొమ్మలకి గౌన్లు కుడతారా?" అని నవ్వేది భార్య.

"వాళ్ళ గుడ్డ, వాళ్ళిష్టం. మన దగ్గర మాత్రం ఉండకూడదు," అనేవాడు. అది వాళ్ళ నాన్న దగ్గర పని నేర్చుకునేటప్పుడు అబ్బిన అలవాటు. ఆ షాపుకి బోర్డు లేకపోయినా జనం వెతుక్కుంటూ రావడానికి కారణం కూడా అదే.

షాపూ ఇల్లూ ఒకటే. వీధి వైపు గదిలో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, ట్రయల్ చూసుకునే నిలువుటద్దం. దాని వెనక వంటగది. ఆ వెనక పడకగది, దాని కిటికీ పక్కసందులోకి. పిల్లల్లేరు. ఆయన కుట్టేవాడు, ఆవిడ కాజాలు తీసి గుండీలు వేసేది. రోజంతా ఒకరినొకరు సతాయించుకుంటూ సుఖంగానే ఉండేవాళ్ళు.

ఆయన ఖాతాదారుల్లో అందరికంటే పేచీకోరు పాటల టీచరమ్మ. ఒంటరి మనిషి. ఏళ్ళ తరబడి బరువు సంచీ ఒకే వైపు మోసి మోసి ఆవిడ ఎడమ భుజం బాగా కిందికి జారిపోయింది. గౌనుకి ఎడమ వైపు రెండు వేళ్ళు దించి కత్తిరిస్తే తప్ప మెడ కింద ముడత పడేది. అలా కుట్టిన గౌను ఇంకెవరికి తొడిగినా ఏటవాలుగా వేలాడవలసిందే. ట్రయల్‌కి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబడి, నోరు మూసుకుని ముక్కుతోనే ఏదో రాగం తీస్తూ అటూ ఇటూ తిరిగి చూసుకునేది. చివర్లో కవరు విప్పి అడిగేది.

"ముక్కలన్నీ ఇచ్చారా, మాస్టారూ?"

"ఇచ్చానమ్మా. దారప్పోగులు కూడా కావాలా?"

"ఉంటే ఇవ్వండి," అనేది నవ్వకుండా.

అలాంటి టీచరమ్మ ఒకసారి లేత నీలం మీద తెల్ల చుక్కల నూలుగుడ్డ తెచ్చి, గౌను కుట్టమని ఇచ్చి వెళ్ళింది. ఆ మర్నాడో మూడోనాడో ఆ మాయదారి రోగం ఊళ్ళోకి దిగింది.

ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. షట్టర్లు పడిపోయాయి. పొద్దున కాసేపు తెరవనిచ్చేవాళ్ళు, మిగతా రోజంతా వీధి నోరు కుట్టేసినట్టుండేది. చేతులు కడుక్కుని కడుక్కుని వేళ్ళ మీద చర్మం పొరలుగా లేచింది. భార్య తలుపు గడియని కూడా సబ్బునీళ్ళతో తుడిచేది. పెళ్ళిళ్ళు ఆగాయి, బళ్ళు మూతబడ్డాయి. ఇంట్లో కూర్చునేవాళ్ళకి కొత్త బట్టలెందుకు? మిషను మీద దుమ్ము చేరింది. బతుకుతెరువు చూపించింది మాస్కులే. ఉన్న నూలు గుడ్డంతా మాస్కులైపోయింది, బట్టల కొట్లు మూసే ఉన్నాయి, అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అలమరలో టీచరమ్మ గుడ్డ ఒక్కటే మిగిలింది.

టీచరమ్మ ఆసుపత్రిలో పోయిందని మందుల షాపాయన చెప్పాడు. ఎవరూ చూడలేదు, ఎవరినీ చూడనివ్వలేదు. ఒంటి మీది బట్టలు కూడా తీసేసి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి పంపేశారట.

"ఆ గుడ్డ జోలికి వెళ్ళకండి," అంది భార్య. ఆయన ఇంకా దాన్ని తాకనైనా లేదు, చూపు అటు వెళ్ళిందంతే.

"మనిషే లేదు. గుడ్డ ఎవరడుగుతారే?"

"ఆవిడ సంగతి మీకు తెలీదా? అడుగుతుంది."

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన కత్తెర తీశాడు. పది మంది ప్రాణాలు కాపాడే పని, టీచరమ్మకే పుణ్యం అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. గుడ్డంతా మాస్కులకి ముక్కలు కత్తిరించాడు. భార్య బయటికొచ్చి చూసి, తిట్టాల్సినంతా తిట్టి, చివరికి ఒక మాస్కు తనూ పెట్టుకుంది. తనకున్న పాతవి రెండూ ఉతికి ఆరేసి ఉన్నాయి మరి.

వారం తిరిగేసరికి వీధి నిండా నీలం మూతులే. బాగానే ఉందనుకున్నాడు మాస్టారు.

ముందుగా వచ్చినవాడు బేకరీ ఆయన. షట్టరుకి దూరంగా నిలబడి, మాస్కుని కర్రతో లోపలికి తోశాడు.

"ఇది నాకొద్దు, మాస్టారూ."

"ఏమైంది? బిగుతా?"

"కాదు..." అతను గొంతు తగ్గించాడు. "పెట్టుకుంటే... లోపల ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టుంది. నేను ఆపినా అది ఆగట్లేదు."

భయం ఎక్కువై మతి చలించిందని మాస్టారు జాలిపడ్డాడు. కానీ మందుల షాపాయన సరుకు సర్దుతూ ముక్కుతో రాగం తీస్తుంటే మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ రాగం మాస్టారికి తెలుసు. అద్దం ముందు ఎన్నిసార్లు విన్నాడో.

"ఏం పాట అది?"

"ఏ పాట?" అన్నాడు షాపాయన. నీలం మాస్కు మీంచి కళ్ళు అయోమయంగా చూశాయి. "నేనేం పాడలేదే."

అదే రోజు భార్యకి జ్వరం వచ్చింది. సాయంత్రానికి దగ్గు మొదలైంది. ఆవిడే వెనక పడకగదిలోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుంది. ఆసుపత్రికి ఫోను చేస్తే మంచాలు లేవన్నారు. తలుపు దగ్గర వేడినీళ్ళ చెంబు పెట్టి దూరం జరగడం, ఆవిడ తీసుకుని మళ్ళీ తలుపేసుకోవడం... ముప్ఫై ఏళ్ళ కాపురం ఆ చెంబు చుట్టూ తిరిగింది. మాస్టారికి ఇంకో కోరికంటూ లేదు. ఆ తలుపు తెరుచుకుని ఆవిడ నడిచి బయటికి రావాలి, అంతే. ఆవిడ దగ్గు వినబడుతుంటే భయం. వినబడకపోతే ఇంకా భయం. ఒకచోట కూర్చోలేడు, నిలబడలేడు. వంటగదిలోంచి షాపులోకి, షాపులోంచి వంటగదిలోకి, కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం, ఎండకి వీధి నిర్మానుష్యంగా ఉన్న వేళ, వంటగదిలో నీళ్ళు కాస్తుంటే ముందు గదిలో మిషను చప్పుడు వినబడింది.

కట... కట... కటకటకట...

తొక్కే తీరు తనది కాదు. నెమ్మదిగా మొదలెట్టి, కుట్టు చివర ఆగి, మళ్ళీ మొదలెడుతోంది. పని రానివాళ్ళు సొంతంగా నేర్చుకుంటున్నట్టు.

వెళ్ళి చూశాడు. ఎవరూ లేరు. చక్రం మాత్రం ఇంకా తిరుగుతోంది. బల్ల మీద బేకరీ ఆయన తోసేసిన మాస్కు మడతలు విప్పి, సాపు చేసి ఉంది. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. అవన్నీ మాస్టారు అమ్మినవే, ఎవరెవరి ఇళ్ళ తీగల మీదో ఆరుతూ ఉండవలసినవి. అంచుకి అంచు కలిపి కుట్టేసి ఉన్నాయి. ముట్టుకుంటే తడి తగిలింది. ఉతికిన తడి కాదు. వెచ్చగా, నోటి దగ్గర తడి. గదంతా ఆసుపత్రి మందు వాసన.

ఎంతైనా ఆయన టైలరు. కుట్టిన ముక్కలు చూడగానే ఏం తయారవుతోందో తెలిసిపోయింది. అది గౌను వెనకభాగం. ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది.

"టీచరమ్మా..." అన్నాడు గుసగుసగా. "తప్పయిపోయింది. అన్నీ తెచ్చిచ్చేస్తాను. ముక్క మిగలకుండా ఇచ్చేస్తాను. మా ఆవిణ్ణి మాత్రం వదిలెయ్యి..."

చక్రం ఆగింది.

ఆ సాయంత్రం మాస్టారు గుమ్మం గుమ్మం తిరిగాడు. తలుపులు పూర్తిగా తెరవకుండానే జనం మాస్కులు బయటికి పడేశారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వాటి కోసమే ఎవరైనా వస్తారని చూస్తున్నట్టు, వదిలితే చాలన్నట్టు విసిరేశారు. కొందరు తీగ మీది మాస్కు ఎవరో ఎత్తుకుపోయారని చెప్పారు. ఊడ్చి పడేసిన చెత్త సంచీలోంచి దారమంత పేలికలు కూడా ఏరాడు. అన్నీ తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, వంటగదిలోకి వచ్చి తలుపు మూశాడు.

మిషను మళ్ళీ మొదలైంది. ఈసారి తడబాటు లేదు. పని వచ్చేసింది.

వెలుతురు తగ్గుతుండగా కరెంటు పోయింది. చీకట్లో మిషను ఆడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. ఆగి, చక్రం మీద గోరుతో కొడుతున్నట్టు... టిక్... టిక్...

ఒక ముక్క తక్కువైంది.

అది ఎక్కడుందో ఆయనకి తెలుసు. వెనకగది తలుపు దగ్గరికి పరుగెత్తాడు.

"ఏమేవ్... నీ మాస్కు తీసి ఇటు పడెయ్. త్వరగా."

లోపల దగ్గు. తర్వాత నీరసంగా ఆవిడ గొంతు.

"ఇప్పుడే తీసుకున్నారుగా."

"నేనా?"

"కిటికీలోంచి చెయ్యి పెట్టారుగా... ఎంత చల్లగా ఉందండీ మీ చెయ్యి. చొక్కా మార్చుకోండి, తడిసినట్టున్నారు."

వంటగది పక్క తలుపు తీసి సందులోకి పరుగెత్తాడు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. గోడ మీద తడి చెయ్యి ఆనించిన మరక ఒకటి, ఆరుతూ ఉంది. లోపలికి తొంగి చూస్తే చీకటి, మంచం మీద దుప్పటి కింద ఏదో ఆకారం, అంతే. ఇచ్చేశాం కదా, అన్నీ ఇచ్చేశాం కదా అని గొణుక్కుంటూ సందు చుట్టూ తిరిగి వీధిలోంచి షాపులోకి వచ్చాడు. మిషను ఆగిపోయింది. బల్ల ఖాళీగా ఉంది. ఒక్క పేలిక లేదు, దారప్పోగు లేదు. ఆయన ఇన్నాళ్ళ సర్వీసులో బల్ల అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

అమ్మయ్య అనుకున్నాడు. వచ్చింది, తీసుకుంది, వెళ్ళిపోయింది. గుండె కాస్త కుదుటపడింది. ముక్కలన్నీ ఇచ్చాక ఎవరికీ పేచీ ఉండదు కదా.

కరెంటు వచ్చింది.

నిలువుటద్దం ముందు భార్య నిలబడి ఉంది. లేత నీలం మీద తెల్ల చుక్కల గౌనులో.

"జ్వరం తగ్గిపోయిందండీ," అంది అద్దంలోంచే చూస్తూ. మొహం తేటగా ఉంది. గొంతులో ఒక్క జీర లేదు. "చూడండి, ఎలా ఉందో."

మాస్టారికి ఏడుపొచ్చింది. రోగమూ భూతమూ కలిసి వెళ్ళిపోయాయి, తన మనిషి తనకి దక్కింది. ఇంకేం కావాలి? సందు చుట్టూ తాను తిరిగి వచ్చేలోపు ఆవిడ గడియ తీసుకుని వంటగదిలోంచి వచ్చి ఉంటుంది. కన్నీళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ మెళ్ళోని టేపు తీసి, గౌను మెడ వెనక సర్దబోయాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సర్దడానికేం లేదు. గౌను అతికినట్టు ఉంది. మెడ కింద ఒక్క ముడత లేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి ఆయనే కుడుతున్నాడు. ఆవిడ భుజాలు గీత గీసినట్టు సమానంగా ఉంటాయి. ఎడమ వైపు రెండు వేళ్ళు దించిన గౌను ఆవిడకి ఎలా నప్పుతుంది? జబ్బు పడ్డ మనిషి, చిక్కి ఉంటుంది, ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంటుంది... అనుకుంటూ టేపు భుజం మీద పరిచాడు. గౌను కిందనుంచి ఆసుపత్రి మందు వాసన వచ్చింది.

ఆవిడ అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. నోరు మూసుకుని ముక్కుతో రాగం తీస్తోంది.

అప్పుడు వినబడింది, వంటగది వెనకనుంచి. లోపల గడియ పెట్టిన గది తలుపు అవతలినుంచి.

దగ్గు.

వారం రోజులుగా రాత్రీ పగలూ విన్న దగ్గు. తర్వాత గొంతు, ఎక్కడో నూతిలోంచి వస్తున్నంత నీరసంగా.

"ఏమండీ... కాసిని వేడినీళ్ళు ఇటు పెడతారా?"

అద్దం ముందు రాగం ఆగింది. మాస్టారి చేతిలో టేపు ఇంకా ఆ భుజం మీదే ఉంది. ఆ భుజం వెనక్కి తిరిగి, వంటగది వైపు ఒక అడుగు వేసింది.

"మీరు పని చూసుకోండి, మాస్టారూ," అంది భార్య గొంతుతోనే. "నీళ్ళు నేనిస్తాను."