మిషన్ ముక్కుకి తడిగుడ్డ

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి మోడల్ అరవై ఒకటి అంది. వేములకుంట మిరప కల్లంలో నిలబెట్టిన ఎనలైజర్ అరవై అంది.

శాస్త్రవేత్త డాక్టర్ చారుశీల తెర ముందు నుంచి కదల్లేదు. ఎనిమిది రోజులుగా ఇదే వరస. మోడల్ గీత నీలం, ఎనలైజర్ గీత ఎరుపు. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ముచ్చటైన ఊదారంగు గీత ఒక్కటే కనిపిస్తోంది. ఆ ముచ్చట చూస్తుంటే ఆమెకి ఒళ్ళు మండిపోతోంది.

"ఏమ్మా చారుశీలా," అన్నాడు వాయు మండలి డైరెక్టర్ పట్టాభిరామ్, వెనకే నిలబడి టీ ఊదుకుంటూ. "రెండు గడియారాలు ఒకే టైమ్ చూపిస్తుంటే ఇంకా అనుమానమేనా?"

"రెండూ ఆగిపోయి ఉండొచ్చు కదా సార్!"

"నోరుంది నీకు," అన్నాడాయన మెచ్చుకోలుగా. మెచ్చుకోడానికి ఆయనకేం పోయింది? గెలుస్తోంది ఆయన మోడలేగా.

ఆ మోడల్ పేరు వాయుసూత్ర. నేల మీది ఓజోన్‌ని లెక్కగట్టే ప్రోగ్రామ్. పైన ఆకాశంలో ఓజోన్ మనకి గొడుగు, నిజమే. అదే మన ముక్కు దగ్గరికి దిగితే విషం. అది ఏ గొట్టంలోంచీ రాదు. నగరం వదిలిన పొగ గాలివాటున కొట్టుకుపోతూ, దారి పొడుగునా ఎండలో ఉడికి ఓజోన్ అవుతుంది. పొగ వదిలిన చోట తక్కువ, ముప్పై నలభై కిలోమీటర్ల అవతల, ఏ పాపమూ ఎరగని ఊళ్ళో ఎక్కువ. వేములకుంట సరిగ్గా ఆ అవతలి ఊరు.

వాయుసూత్ర ఎండనీ గాలినీ పొగనీ కంప్యూటర్‌లోనే ఉడికించి, ఏ ఊళ్ళో ఎంతో చెప్పేస్తుంది. పొగ ఎంతన్నది మాత్రం ఫ్యాక్టరీలవాళ్ళు రాసిచ్చిన లెక్కే. దొంగ చెప్పిన సొమ్మే పోయిందని రాసుకున్నట్టు! ఆ లెక్క సగానికి సగం అబద్ధమని చారుశీల అనుమానం.

చట్టం ప్రకారం ఓజోన్ వంద దాటితే పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని ఆపాలి, కూలి కొయ్యకూడదు. వేములకుంటలో మోడల్ వంద దాటిన రోజు ఒక్కటీ లేదు. కల్లాల్లో మిరపకాయల తొడాలు తీసే ఆడవాళ్ళు మాత్రం దగ్గి దగ్గి, కిందటేడు ముగ్గురు పోయారు. మిరప ఘాటు అన్నారు డాక్టర్లు. ఆ మాట ఎవరైనా నమ్ముతారు, అదే అసలు దారుణం.

చారుశీల మండలితో పోట్లాడి పదిహేను రోజుల పరీక్ష సాధించింది. కల్లంలోనే ఎనలైజర్. కొలత మోడల్‌ని ఓడిస్తే ఆడవాళ్ళకి ఆ నాలుగు గంటల నీడ దక్కుతుంది. ఓడించకపోతే ఇక ఆ ఊరికి మోడల్ మాటే శాసనం. రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా, ఆ పదిహేను రోజులూ తనతో సహా మండలి మనిషి ఒక్కరూ కల్లంలో అడుగుపెట్టకూడదని ఆమే పట్టుబట్టి రాయించింది.

మిషన్ బిగించిన రోజు కల్లంలో మేస్త్రమ్మ నాంచారమ్మకి విడమరిచి చెప్పింది కూడా. "ఇదిగో, ఈ తెల్ల గొట్టమే దీని ముక్కు. మీలాగే ఇక్కడి గాలే పీలుస్తుంది. లోపల ఒక లైటు ఉంటుంది. గాల్లో ఓజోన్ ఎంతుంటే అంత వెలుగు మింగేస్తుంది. మిగిలిన వెలుగుని బట్టి లెక్క తేలుతుంది."

"మా కోసమే పీలుస్తదా?" అంది నాంచారమ్మ.

"మీ కోసమే. కాస్త కనిపెట్టుకుని ఉండు."

"సూసుకుంటాలే తల్లీ. బిడ్డలాగ సూసుకుంటా."

పదహారో రోజు పొద్దెక్కాక చారుశీల మిషన్ విప్పడానికి వెళ్ళింది. కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు, గాల్లో ఘాటు, వంగిన నడుములు. అందరి ముక్కులకీ తడిగుడ్డలు. గొట్టం వైపు తలెత్తి చూసింది.

దానికీ ఉంది తడిగుడ్డ. పాత నూలు చీర ముక్క, నాలుగు మడతలు, పురికొసతో బిగించి కట్టి ఉంది.

"ఇది... ఎవరు?"

"నేనే," అంది నాంచారమ్మ, మిర్చి టిక్కీ బస్తాల దొంతర మీంచి చెంబుతో దిగుతూ. పదం పదానికీ దగ్గు. "మాకంటే అలవాటు. పాపం, అది పట్నం నించొచ్చిందాయె. నువ్వు పోయినకాణ్ణించి గంటకోసారి తడుపుతానే ఉండా."

"మేం తాగే నీళ్ళు దానికి పోసుద్ది డాక్టరమ్మా," అంది దీనమ్మ తొడాలు తీస్తూ. "రేపో మాపో ఉయ్యాల కూడా కట్టుద్ది." కల్లమంతా ఘొల్లుమంది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

చారుశీల టిక్కీలెక్కి పురికొస తెంపింది. మిషన్ మీద అంకె లేచింది. అరవై. డెబ్భై. తొంభై ఎనిమిది. నూట పన్నెండు. నూట ఇరవై ఏడు దగ్గర అంకె ఆగింది.

తడి నూలు ఓజోన్‌ని తినేస్తుంది. ఎంత తిన్నదంటే, సరిగ్గా మోడల్ ఎంత అబద్ధమాడిందో అంత. ఆడవాళ్ళ ముక్కులకి కట్టినవీ అవే గుడ్డలు కదా అంటారేమో. మనిషి గుడ్డకి పక్కల నుంచి గాలి దూరుతుంది. దగ్గొస్తే లాగెయ్యాలి, దాహమేస్తే దించాలి. మిషన్‌కి దగ్గు రాదు.

సాయంత్రానికల్లా ఆమె పట్టాభిరామ్ ముందు కూచుంది. ఆయన అంతా సావధానంగా విన్నాడు.

"అయితే పదిహేను రోజుల కొలతా చెల్లదు. కొలత లేనప్పుడు మోడలే ప్రమాణం. సెక్షన్ తొమ్మిది."

"మళ్ళీ పరీక్ష పెట్టండి సార్."

"పెడతాను. పరికరంలో ఎవరో జోక్యం చేసుకున్నారని రుజువైతే రెండో పరీక్ష మీ హక్కు. జోక్యం చేసిన మనిషి పేరు రాయాలి, అంతే." ఫారం ముందుకి తోశాడు. "పేరు లేకపోతే అది జోక్యం కాదు, మీ అజాగ్రత్త."

"పేరు రాస్తే ఆమెకేమవుతుంది?"

"అది పోలీసుల పని. మనం సైన్స్ మనుషులం."

చారుశీల కలం తీసి ఆ ఖాళీ గడి మీద పెట్టింది. ఒక పక్క నాంచారమ్మ. ఇంకో పక్క నాలుగు వందల మంది ఊపిరి. మహా అయితే మందలించి వదిలేస్తారు, అమాయకురాలు కదా అనుకుంది. నిజం ఎవరికి చేటు చేస్తుంది అనుకుంది. చదువుకున్నవాళ్ళు ద్రోహానికి ముందు మనసుకి ఇలాగే నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు. రాసింది.

పర్యావరణ పరికరాల విధ్వంసం. బెయిల్ లేని కేసు. మర్నాడు నాంచారమ్మని కల్లంలోంచే జీపెక్కించారు.

రెండో పరీక్ష చారుశీల హక్కు కాబట్టి మండలి తప్పకుండా పెట్టింది. శ్రావణమాసంలో. పదిహేను రోజులూ ముసురు. ఎండ లేదు, కల్లంలో కాయ లేదు, మనిషి లేదు. మోడల్ ఇరవై రెండు అంది. గొట్టానికి ఏ గుడ్డా లేకుండా ఎనలైజర్ ఇరవై రెండు అంది. పట్టాభిరామ్ శాలువా కప్పించుకున్నాడు. వేములకుంటకి ఇక మిషన్ రాదు.

ఆ వారమే చారుశీల మహిళా జైలుకి వెళ్ళింది. చువ్వల అవతల నాంచారమ్మని ముందు పోల్చుకోలేకపోయింది. చెంపలు నిండాయి. కళ్ళ కింద నలుపు పోయింది.

"నన్ను తిట్టు నాంచారమ్మా. నీ పేరు రాసింది నేనే."

"తెలుసులే. మొదట్లో తిట్టా, కడుపారా తిట్టా." గడగడా మాట్లాడింది, ఊపిరి తెగకుండా. చారుశీల ఆ మాటలు వినడం లేదు, ఆ ఊపిరినే వింటోంది. ఒక్క దగ్గు లేదు. నాలుగు గోడలు, మూసిన తలుపులు, పగలంతా నీడ. ఎండలో ఉడికిన గాలి లోపలికి వచ్చేసరికి సగమైనా మిగలదు. మండలికి చూపించాల్సిన కొలత చువ్వల అవతల చీర కట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఏ ఫారంలోనూ రాయలేరు.

"అమ్మా, ఓ మాట." నాంచారమ్మ చువ్వల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "దీనమ్మకి దగ్గితే నెత్తురు పడతందంట. మాఘం వస్తే మళ్ళా కల్లాలు పెడతారు. ఈ ఏడు అది తట్టుకోలేదు." వార్డరు వైపు ఒకసారి చూసి, చెయ్యి బయటికి చాపి చారుశీల మణికట్టు పట్టుకుంది. "ఈలోపు దాని మీద కూడా ఓ కేసు పెట్టించు తల్లీ. నువ్వు పేరు రాస్తే చాలంటగా."