సైకిల్ దారి

ఆ సోమవారం పొద్దున ఉమాపతి అందరికంటే ముందు లేచాడు. మెట్ల కింద ఉన్న కూతురి సైకిల్‌ను బయటికి తీసి, మూడు నెలల దుమ్ము తుడిచి, టైర్లలో గాలి కొట్టాడు. బ్రేకులు రెండుసార్లు నొక్కి చూశాడు. తార్నాకలో వాళ్లు అద్దెకుండే వాటా నుంచి యూనివర్సిటీకి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడి ఆఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచి, అంటే ఇరవై ఆరేళ్లుగా, అతను సైకిల్ మీదే వెళ్తున్నాడు. కూతురు భూమిక అదే క్యాంపస్‌లో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ప్రమాదం జరిగాక ఆమె మళ్లీ ల్యాబ్‌కు వెళ్లే మొదటి రోజు అది.

భూమిక టిఫిన్ తిని, చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. సైకిల్‌ను చూసింది. ఆమె ఎడమచెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంగే ఉంది. ఇక అంతకుమించి చాచలేదని డాక్టరు చెప్పేశాడు.

"నేను ఆటోల పోత బాపు," అన్నది.

"ఇయ్యాల పో. నొప్పి తగ్గినంక ఎట్లాగు తొక్కుతవు గద," అన్నాడు ఉమాపతి.

ఆమె వీధిలోకి నడిచింది. గుమ్మంలో నిలబడ్డ సారలమ్మ భర్తను ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఉమాపతి ఊరి నుంచి వచ్చిన కొత్తలో క్యాంపస్ రోడ్ల మీద సైకిళ్లు గుంపులు గుంపులుగా వెళ్లేవి. అవన్నీ కళ్లముందే మాయమైపోయాయి. జనాన్ని మళ్లీ సైకిల్ ఎక్కించాలని నాలుగేళ్ల కింద అతను బయలుదేరాడు. ఆఫీసులో పక్క సీటు కరుణాకర్‌ను తోడు తెచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి సైకిల్ యాత్ర. నలభై మంది, ఒక్కోసారి అరవై మంది వచ్చేవాళ్లు. ఫొటోలు దిగేవాళ్లు. కొందరు సైకిళ్లను కార్ల వెనక కట్టుకుని వచ్చి, మళ్లీ అట్లాగే కట్టుకుని ఇళ్లకు పోయేవాళ్లు. సోమవారం చూస్తే ఎవరి బండి మీద వాళ్లే. కరుణాకర్ కూడా లాలాగూడ నుంచి మోటార్‌సైకిల్ మీదే వచ్చేవాడు. పాపను స్కూల్లో దింపాలి గదన్నా అని నొచ్చుకుంటూ చెప్పేవాడు.

రోజూ తొక్కేది ఉమాపతి, అతని మాట విని భూమిక. మా బిడ్డ పీహెచ్‌డీ చేస్తది, సైకిల్ మీదనే పోతది అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు.

అర్జీ మీద అర్జీ పెట్టగా, చివరికి యూనివర్సిటీకి వెళ్లే రోడ్డు అంచున తెల్లగీత గీసి సైకిల్ బొమ్మ వేశారు. ఆ రోజు ఉమాపతి ఇంటికి జిలేబీ తెచ్చాడు. వారం తిరగకముందే ఆ గీత లోపల కార్లు ఆగడం మొదలైంది. జూలైలో ఒకరోజు, ఆ కార్లను తప్పించుకుంటూ వెళ్తున్న భూమిక ముందు ఒక కారు తలుపు తెరుచుకుంది. ఆమె దానికి తగిలి పడింది. వెనక వస్తున్న ఆటో ఆమె మోచేతి మీదుగా పోయింది.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఉమాపతి ఆ కారువాణ్ణి తిట్టాడు. గీత గీసి వదిలేసినవాళ్లను తిట్టాడు. నీకెట్లా ఉంది అని కూతుర్ని చాలాసార్లు అడిగాడు కానీ, అది ఎప్పుడూ చెయ్యి గురించే.

ఆ సోమవారం సాయంత్రం కరుణాకర్ ఉమాపతి ఇంటికి వచ్చాడు. గురువారం రోడ్ల ఆఫీసులో మాట్లాడటానికి టైమిచ్చారని చెప్పాడు. ఒక ఆలోచన కూడా చెప్పాడు. వచ్చే ఆదివారం యాత్రలో భూమిక రెండు మాటలు మాట్లాడాలి. ఇంత దెబ్బ తగిలినా సైకిల్ వదల్లేదని ఆమె నోటితో వింటే పదిమంది కదులుతారు. ఉమాపతి ముఖం వెలిగింది. కూతురి వైపు తిరిగి, నిజమే గద బిడ్డా అన్నాడు.

భూమిక చాయ్ గ్లాసు కింద పెట్టింది. తను మాట్లాడనని, తన ఫెలోషిప్ డబ్బులతో స్కూటీ కొనుక్కుంటున్నానని, రేపే తీసుకొస్తానని నెమ్మదిగా చెప్పింది. కరుణాకర్ పరిస్థితి అర్థం చేసుకుని ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయాడు.

ఉమాపతికి కోపం వచ్చింది. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఒక్కసారి పడ్డంత మాత్రాన వదిలేస్తారా అన్నాడు. తనూ ఎన్నోసార్లు పడ్డాడు. నువ్వే వదిలేస్తే నేను పోయి ఎవరికి చెప్పాలి అని గొంతు పెంచాడు.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న సారలమ్మ అందుకుంది. "పిల్ల చెయ్యి పోయింది. నీకింకా సైకిలే కనవడుతున్నది. అది బయటికి పోయినప్పటి నుంచి ఇంటికొచ్చేదాంక నేనెట్లుంటున్ననో నీకేమన్న ఎరుకనా?"

"నువ్వు ఆగమ్మా," అన్నది భూమిక. "బాపు, నాకు సైకిల్ ఎన్నడూ ఇష్టం లేకుండె. రెండేండ్లు భయపడుకుంటనే తొక్కిన. వెనక బస్సు హారన్ కొడితే కాళ్లు ఆడకపోయేటివి. ల్యాబ్‌కు పోయినంక అద్ద గంటసేపు ఊకే కూసునేదాన్ని. ఏ పనీ చేతకాకపోయేది."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్త బాపు? మా బిడ్డ తొక్కుతదని అందరికీ చెప్పుకుంటివి. నేను మానేస్తే చెప్పుకునేటందుకు నీకింకెవ్వరున్నరు?"

నిజంగానే ఇంకెవరున్నారని ఉమాపతి మనసులో వెతుక్కున్నాడు. నాలుగేళ్లలో అతని మాట విని రోజూ సైకిల్ ఎక్కిన మనిషి ఒక్కరు కూడా గుర్తుకు రాలేదు. ఈ పిల్ల ఎక్కింది. అదీ సైకిల్ కోసం కాదు. అతను లేచి పెరట్లోకి పోయి నిలబడ్డాడు. సారలమ్మ భోజనానికి పిలిచినా చాలాసేపు రాలేదు.

గురువారం అతనొక్కడే రోడ్ల ఆఫీసుకు వెళ్లాడు. ఇంజనీరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వచ్చే నెలలో ఆ రోడ్డు మీద కొత్త తారు పరుస్తారు. తెల్లగీత పోతుంది. మళ్లీ గీసే ఉద్దేశం లేదు. కార్లు ఆపుకోవడానికి జాగా చాలడం లేదని దుకాణాలవాళ్లు గొడవ చేస్తున్నారు. పొద్దున గంటసేపు మనిషిని పెట్టి లెక్కపెట్టిస్తే ఆ దారిలో వెళ్లిన సైకిళ్లు పదకొండు.

"ఎవరి కోసం వెయ్యమంటరు చెప్పండి," అన్నాడు ఇంజనీరు. "మీ ఇంట్ల ఎంతమంది తొక్కుతరు?"

దారి బాగుంటే జనం తొక్కుతారు సార్ అని ఉమాపతి ఎన్నో ఆఫీసుల్లో చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ నిజమేనని అతనికి తెలుసు. కానీ ఆ రోజు నోరు రాలేదు.

"నేనొక్కన్నే సార్," అన్నాడు.

ఆదివారం యాత్ర ఉండదని కరుణాకర్‌కు ఫోన్ చేశాడు. ఎందుకని కరుణాకర్ అడగలేదు. మరుసటి ఆదివారం కూడా లేదు. ఎవరూ అడగలేదు.

కొత్త తారు పడ్డ వారం, ఒక పొద్దున భూమిక స్కూటీ తీస్తుంటే ఉమాపతి టిఫిన్ డబ్బాతో వచ్చి పక్కన నిలబడ్డాడు. నన్ను కూడా ఆఫీసు దగ్గర దించుతావా అని అడిగాడు. గొడవ జరిగిన ఆ సాయంత్రం నుంచి తండ్రీకూతుళ్లు పొడి మాటలు తప్ప మాట్లాడుకోలేదు. భూమిక తలూపింది. అతను వెనక ఎక్కి కూర్చున్నాడు.

రోడ్డు నల్లగా, నున్నగా ఉంది. అంచు దాకా కార్లు ఆగి ఉన్నాయి. భూమిక ఒక్కో కారు పక్కనుంచి వెళ్తూ దాని తలుపు వైపు చూస్తోంది. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగగానే వెనక నుంచి ఒక బస్సు గట్టిగా హారన్ కొట్టి, రాసుకున్నట్టే వచ్చి ఆగింది. కూతురి వీపు కర్రలా బిగుసుకుపోవడం ఉమాపతికి తెలిసింది. వంగిన మోచెయ్యి ఒంటికి దగ్గరగా ముడుచుకుపోయింది. రెండేళ్లు, రోజుకు రెండుసార్లు, ఈ పిల్ల ఇట్లాగే ఈ చౌరస్తా దాటింది. తను ఎప్పుడూ ఆమెకు ముందు తొక్కుతూ పోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి ముఖం చూసి ఉంటే తెలిసేది.

"భయమైతున్నదా బిడ్డా?" అని అడిగాడు. కన్నతండ్రి ఆ మాట అడగడం అదే మొదలు.

సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. భూమిక చేతిని హ్యాండిల్ నుంచి తీసి కళ్లు తుడుచుకుంది.

"అయితది బాపు," అన్నది. "దీని మీద గూడ అయితది."

ఉమాపతి బస్సు వైపు తిరిగి, ఆగమన్నట్టు చెయ్యి చాచి పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు అతన్ని చూడనే లేదు. ఉమాపతి మాత్రం కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, పచ్చ సిగ్నల్ పడి స్కూటీ చౌరస్తా దాటేదాకా ఆ చెయ్యి దించలేదు.