చుక్క పెట్టిన పూట

హైమవతి అన్నం డబ్బా మూత తీస్తూనే ఎడమచేత్తో సవరిణిని, అదే అనుమతులు సవరించే యంత్రాన్ని, తట్టి లేపింది. కాదనిపించుకున్న ముందుకబుర్లు అప్పటికే తెరమీద బారులు తీరి ఉన్నాయి. ఒక కరకట్ట ఊరి యంత్రం ఇంకో ఊరి యంత్రాన్ని ఏదైనా అడగాలంటే, "అడగవచ్చా" అని ముందుగా కబురు పంపాలి. అడిగినవాళ్ళ మూలం అనుమతి పట్టీలో ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. ఆ పట్టీలను సవరించడమే హైమవతి ఉద్యోగం. సముద్రం సగం డెల్టాను మింగాక మిగిలిన ఊళ్ళన్నీ ఇలా ఒకదాన్నొకటి మర్యాదగా అనుమానించుకుంటూ బతుకుతున్నాయి.

ఆ పని ఆమెకు ఇష్టమే. సవరిణికి ఒక్క వాక్యం చెబితే చాలు, ఒక ఊరి గేదెల లెక్క పక్క ఊరి పాలకేంద్రానికి అందుతుంది. పెళ్ళి సంబంధం కుదిర్చినంత తృప్తిగా ఉంటుంది ఆవిడకి.

బారులో అన్నిటికన్నా కింద, ఎప్పటిలాగే, బాతుల పడవ పంపిన కబురు. మూలమంటే మూడూ కలిస్తేనే: మాట్లాడే పద్ధతి, ఊరిపేరు, రేవు. రేవు మారితే మూలం మారినట్టే. కట్ట లోపలివాళ్ళకు దీనితో పేచీ లేదు, వాళ్ళ రేవులు ఎక్కడికీ పోవు. బాతులు మేపుకునే పడవలు మాత్రం పూటకో రేవులో ఉంటాయి. కొత్త రేవును పట్టీకెక్కించి, పైఅంతస్తులో కూర్చునే సంఘం ఒప్పుకునేసరికి పడవ అక్కణ్ణుంచి వెళ్ళిపోయి ఉంటుంది. పోనీ వాళ్ళడిగేది పెద్దదా అంటే అదీ కాదు. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఉన్న కొలమానిని, ఈ రాత్రి పోటు ఎంత ఎత్తు వస్తుందని అడుగుతారు, అంతే.

అర్జీ గొట్టం మోగింది. అవతల బాతుల పడవ అచ్చియ్యమ్మ. కాదనిపించుకున్నవాళ్ళు నోటితో అర్జీ పెట్టుకోవచ్చని నియమం ఉంది. ఆ నియమాన్ని అచ్చియ్యమ్మ ఒక్క రోజూ వృథా పోనివ్వలేదు. మొదటి అర్జీలోనే ఇంటిపేర్లు తవ్వింది. ఆమె పుట్టింటివారు నావూరివారు, హైమవతి తల్లి పుట్టింటివారూ నావూరివారే. ఇంకేం, ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఇద్దరూ వదినలైపోయారు. అప్పటినుంచి అర్జీలో సగం పోటు, సగం చేపల పులుసు.

ఈవేళ పులుసు ఊసు లేదు. కోడలికి తెల్లవారుజామున పడవలోనే కానుపైందట. ఆడపిల్ల.

"ఈ రేవులోనే ఉండాలో, ఎగువకి పోవాలో తెలవట్లేదొదినా. పచ్చి బాలింతని ఊరికే తిప్పలేను. ఉంటేనేమో, పోటొస్తే ఎట్టా అని బయ్యంగా ఉంది."

ఆ కొలమాని హైమవతికీ కనబడదు. తాళాలు చేసే మనిషికి పెట్టెలో ఏముందో ఎలా తెలుస్తుంది? పైఅంతస్తుకు వెళ్ళి, తన పైఅధికారి పరాంకుశంగారిని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు, జాలిపడ్డాడు కూడా. రేపు సంఘం కూర్చోగానే మొట్టమొదట ఇదే తీస్తానన్నాడు. రేపటికి పోటు వచ్చి వెళ్ళిపోతుందని ఆయనకు తట్టలేదు.

హైమవతి తిరిగొచ్చి, కొలమాని అనుమతుల విధానం తెరిచి, మూలాల పట్టీ మొత్తం చెరిపేసి, ఆ చోట చుక్క పెట్టింది. ఎవరైనా రావచ్చని దాని అర్థం. అలాంటిది ఒకటుందని అందరూ చదువుకున్నారు గాని పెట్టినవాళ్ళు లేరు.

"చుక్కకూ గుర్తుకూ పొత్తు కుదరదు," అంది సవరిణి. "ఒకటి తీసేయండి."

గుర్తంటే అడిగినవాళ్ళ పేరూ ఊరూ. ఎవరైనా రావచ్చని తలుపు తెరిచాక వచ్చినవాళ్ళ పేరు అడగకూడదు, యంత్రం మర్యాద అది. సంఘానికేమో గుర్తులే కళ్ళు. ఏ పడవ ఎటు పోతోందో, ఏ కట్టకు దగ్గరవుతోందో వాటితోనే కనిపెడతారు. హైమవతికి భయం వేసింది. ఉద్యోగం పోవడం ఖాయమనిపించింది. పులుసు ఊసెత్తని ఆ గొంతు గుర్తొచ్చి, గుర్తు అడగడం తీసేసింది.

బారు కరిగిపోయింది. కొలమాని తలుపు దగ్గర మాత్రం ఒకటే రద్దీ. ఇన్ని పడవలున్నాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పరాంకుశంగారు మెట్లు దిగి వచ్చి, తెర ముందు నిలబడిపోయాడు.

"ఎవరమ్మా వీళ్ళంతా?"

"తెలీదండీ. పోటెంతో కనుక్కుంటున్నారు."

ఆయన చుక్క తీసేయమనలేదు. రేపు సంఘానికి నువ్వే వచ్చి చెప్పుకోవాలి అని మాత్రం అని, పైకి వెళ్ళిపోయాడు.

సాయంత్రమైంది. గొట్టం మోగలేదు. కాదనేవాళ్ళే లేకపోతే అర్జీ ఎక్కడిది? తన చేత్తోనే వదినను పోగొట్టుకున్నానని అప్పుడు తట్టింది హైమవతికి. వచ్చిన ఆ పేరులేని కబుర్లలో అచ్చియ్యమ్మది ఏదో, అసలు ఉందో లేదో ఇక తెలిసే దారి లేదు. దిగులుగా డబ్బా సర్దుకుంటూ ఉండగా తెరమీద ఒక్క ముందుకబురు వచ్చి ఆగింది. ఎవరో పాలకేంద్రంలో గేదెల లెక్క అడుగుతున్నారు. మూలం పట్టీలో లేదు. కాదంది యంత్రం. వెంటనే గొట్టం మోగింది.

"ఎగువకొచ్చేశాం వదినా. మనవరాలు పాలు తాగి నిద్దరోయింది," అంది అచ్చియ్యమ్మ. "గేదెలతో నాకేం పని గానీ, కాదంటేనే గదా నీతో మాట్టాడనిచ్చేది."