ముట్టని భోజనం

ఆదివారం పొద్దున్నే వాసవి తలంటు పోసుకుని, బీరువాలోంచి వంగపండు రంగు పట్టుచీర తీసి మంచం మీద పరిచింది. ఆదోని బజారులో బట్టల దుకాణం నడిపే ఇంట్లో చీరలకు కొదవ లేదు. కట్టుకుని వెళ్లడానికే చోటు లేకుండా పోయింది. కొన్ని నెలలుగా ఆమె భర్త సుధీర్ పెళ్లిళ్లకూ పేరంటాలకూ రావడం మానేశాడు. ఇంటికి ఎవరైనా వస్తే దుకాణంలో పనుందని లేచిపోయేవాడు. ఎందుకని అడిగితే విసుక్కునేవాడు. యాభై రాకముందే ఈయనకు మనుషులు చేదయ్యారని ఆమె అప్పుడప్పుడు తిట్టేది, లోలోపల కుమిలిపోయేది.

ఈసారి మాత్రం తప్పించుకునే వీల్లేదు. ఊళ్లో కొత్తగా తెరిచిన హోటల్లో రాత్రి భోజనానికి మహేంద్ర పిలిచాడు. అతను సుధీర్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. భార్య నందినిని తీసుకుని ఎమ్మిగనూరు నుంచి వస్తున్నాడు. సుధీర్ ఒంట్లో బాగా లేదన్నాడు, తలనొప్పన్నాడు. తానూ వెళ్లనని, ఇంక జన్మలో ఎక్కడికీ పిలవనని వాసవి చెప్పేసరికి తల వంచుకుని చొక్కా వేసుకున్నాడు. వాకిట్లో కారు ఉండగా ఆటో పిలిచాడు. అది కూడా ఆమెకు చిన్నతనంగానే తోచింది.

హోటల్ గుమ్మానికి కట్టిన బంతిపూలు ఇంకా వాడలేదు. లోపల రంగురంగుల దీపాలు, గాజు బల్లలు. భోజనం మాత్రం ఎంతసేపటికీ రాలేదు. వచ్చిన సూప్ గోరువెచ్చగా ఉంది, పనీరు ముక్కలు సాగుతున్నాయి. అయినా మహేంద్ర పాత కబుర్లు చెప్పి నవ్విస్తూనే ఉన్నాడు. నందిని వాసవి చీర పట్టుకుని చూసి మెచ్చుకుంది. చాలా రోజుల తర్వాత వాసవికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

సుధీర్ కుడిచేయి బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చెంచా తాకలేదు. తాగరా అని మహేంద్ర సూప్ గిన్నె ముందుకు జరపగానే సర్వరును పిలిచి గొంతు పెంచాడు. ఇది మనుషులు తాగేదేనా అని అడిగాడు. చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు.

"సుధీరా, నచ్చకపోతే ఇంకోటి తెప్పించుకుందాం. అందరి ముందర వాళ్లను అట్ల అనొద్దప్పా," అన్నాడు మహేంద్ర నెమ్మదిగా.

"పిలిచినోనికి రుచి తెలిస్తే కదా."

మహేంద్ర ముఖం పాలిపోయింది. నందిని తల దించుకుంది. సుధీర్ లేచి, చెయ్యి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. వాసవి తన పళ్లెంలో కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి, వాళ్లిద్దరికీ దండం పెట్టి అతని వెనకే వెళ్లింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక ఆమె ఆగలేకపోయింది.

"ఇంత పొగరు యాడిది మీకు? మీ అమ్మ పోయినప్పుడు పాడె మోసిన మనిషి ఆయన. ఈ పొద్దు ఆయన ముఖం చూసినారా? నాకు ఉన్నది వాళ్లిద్దరే. వాళ్లనూ లేకుండా చేసినారు."

సుధీర్ బల్ల మీదున్న నీళ్ల గ్లాసు అందుకున్నాడు. చెయ్యి వణకడం మొదలైంది. రెండో చెయ్యి సాయం పెట్టినా గ్లాసు పెదవులదాకా చేరలేదు. నీళ్లన్నీ చొక్కా మీద ఒలికిపోయాయి.

"ఇప్పుడు చూడు," అన్నాడు.

అతను కుర్చీలో కూలబడి, నేలచూపులు చూస్తూ చెప్పాడు. సరుకు తేవాలని ఆమెతో చెప్పి రెండు మూడుసార్లు కర్నూలు వెళ్లింది నిజానికి నరాల డాక్టరు దగ్గరికట. ఈ జబ్బు పోయేది కాదట. మాత్రలు కొన్నాళ్లు ఆపుతాయి, తర్వాత కాళ్లకూ మాటకూ వస్తుందట. దుకాణంలో గుడ్డ కత్తిరించే పని అక్కడ పనిచేసే కుర్రాడు ఈరేష్‌కు అప్పగించి చాలా రోజులైంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మామూలు మనిషి మాదిరి నన్ను తిట్టేది నువ్వొక్కదానివే. అది గూడా పోతాదని."

వాసవి ఏడుస్తూ ఫోన్ తీసింది. మహేంద్రకు చెబుదామని బతిమాలింది. అతను అడ్డంగా తల ఊపాడు.

"పొగరనుకుంటే అనుకోనీ. పాపం అనొద్దు."

ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. ఇన్ని నెలలు ఒకే ఇంట్లో తిరుగుతూ, వేళకు వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోతూ, అతని చెయ్యి ఒక్కసారీ చూడలేదన్న సంగతి గుండెలో ముల్లులా దిగింది. ఇద్దరికీ కడుపులో ఏమీ లేదు. ఆమె పెరుగన్నం కలిపి తెచ్చి, ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టబోయింది. సుధీర్ ముఖం తిప్పుకున్నాడు.

"నేనే తింటాను. నువ్వు అటు తిరిగి కూర్చో."

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. వెనక పళ్లెం బల్లకు తగిలి టకటకమంటోంది. మెతుకులు నేల మీద రాలుతున్న చప్పుడు. ఒకసారి గట్టిగా నిట్టూర్పు వినిపించింది. కన్నీళ్లు చెంపల మీద కారుతున్నా ఆమె తుడుచుకోలేదు, కదల్లేదు. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తోచలేదు.

చాలాసేపటికి అతని గొంతు వినిపించింది.

"వాసవీ, ఇటు తిరుగు."

తిరిగింది. చొక్కా మీద పెరుగు, గడ్డం మీద మెతుకులు, పళ్లెంలో సగం అన్నం. అతను సిగ్గుతో ఎర్రబడిన కళ్లను ఈసారి దాచుకోలేదు. దులపడానికి ఆమె చెయ్యి లేచింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్లి తనకూ కొంచెం అన్నం పెట్టుకొచ్చి, అతనికి ఎదురుగా కూర్చుని తినసాగింది.